కరెంటు తీగల దగ్గర ఇల్లు: ఫోన్ యాప్‌తో కొలిస్తే మేలా, మీటర్‌తోనా?

దేవరకొండ వైపు మా అక్క వాళ్ల ఇంటికి దగ్గర్లోనే 220 కేవీ (కిలోవోల్టుల) కరెంటు లైను పోతుంది. మొన్న ఫోన్ చేసి, "తమ్ముడూ, ఫోన్‌ల యాప్ పెట్టి చూస్తే 46 మైక్రోటెస్లాలు చూపిస్తున్నది. పిల్లకేమన్న అయితదా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

మైక్రోటెస్లా అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం. ఆ 46లో దాదాపు అంతా భూమిదే. ఫోన్‌లో ఉండేది దిక్కులు చూపడానికి పెట్టిన సెన్సర్. మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రమే 40 మైక్రోటెస్లాల పైచిలుకు. తీగలకు దూరంగా చెరువు కట్ట మీద నిలబడి చూసినా దాదాపు అంతే వస్తుంది. తీగల్లో కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపును విడదీసి చూపడం మామూలు యాప్ వల్ల కాదు. ఊరికే భయపెడుతుంది, లేదా ఊరికే ధైర్యం చెబుతుంది. రెండూ నష్టమే.

సెకనుకు 50 సార్లు ఊగే (50 హెర్ట్జ్) అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే గాస్‌మీటర్ అనే పరికరం కావాలి. ఒకే దిశలో కొలిచేది చవక. కానీ దాన్ని మూడు వైపులా తిప్పి, మూడు రీడింగుల వర్గాలు కూడి, వర్గమూలం తీయాలి. ఒక్కసారి చూసి వదిలేస్తే ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది. ధర ఎక్కువైనా మూడు దిశలూ ఒకేసారి కొలిచేదే నయం. వాడలో నలుగురు కలిసి కొనుక్కోవచ్చు.

అయస్కాంత క్షేత్రం తీగలో పారే కరెంటును బట్టి మారుతుంది. యాసంగిలో బోరు మోటార్లు నడిచే వేళ ఒక లెక్క, లోడు తగ్గిన వేళ ఇంకో లెక్క. అందుకే వేళలు మార్చి, మంచం దగ్గరే కొలవాలి. గోడ దాన్ని ఆపదు.

వచ్చిన అంకెను దేనితో పోల్చాలి? 2010 అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ప్రజలకు పరిమితి 200 మైక్రోటెస్లాలు. అది నరాల మీద వెంటనే పడే ప్రభావానికి పెట్టింది. ఏళ్ల తరబడి నివసించే ఇంటికి నేను 0.4 మైక్రోటెస్లానే చూస్తాను. సగటున అంతకు మించిన ఇళ్లలో పిల్లలకు రక్త క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించిందని అధ్యయనాలు చెప్పాయి. తీగలే కారణమని రుజువు కాలేదు. 2002లో క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ ఈ అయస్కాంత క్షేత్రాన్ని క్యాన్సర్‌కు "బహుశా కారణం కావచ్చు" అనే 2బీ వర్గంలో చేర్చింది. కాబట్టి అంకె ఎక్కువ వస్తే ఇల్లు అమ్మనక్కర్లేదు, ముందు పిల్ల మంచం తీగలకు దూరంగా ఉన్న గదిలోకి మార్చమన్నాను.

బావ పైన ఇంకో అంతస్తు వేద్దామంటున్నాడు. దానికి గాస్‌మీటర్ పనికిరాదు. 220 కేవీ లైనుకు మధ్య నుంచి రెండు వైపులా కొంత ఖాళీ దారి వదలాలి. ముందు టేపు పట్టి లైను మధ్య నుంచి ఇల్లు ఎంత దూరమో కొలవమని చెప్పాను.