జపాన్ ఎన్ గేజ్ రైళ్లు: కొన్నేళ్లు నడిపాక నా మాట

కాటో, టొమిక్స్ అనే జపాన్ కంపెనీల ఎన్ గేజ్ మోడల్ రైళ్లు కొన్నేళ్లుగా మా ఇంట్లో నడుస్తున్నాయి. అద్దాల బీరువాలో పెట్టి చూసుకునేవి కావు ఇవి. సెలవు దొరికినప్పుడల్లా పట్టాలెక్కి, చక్రాలు మసిబారి, రబ్బర్లు అరిగి, మళ్లీ బాగుపడినవి. టోక్యోలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్ వైపు కొత్తగా వచ్చినవాళ్లు అకిహబారా షాపుల్లో వీటిని చూసి, ఏది కొనాలి, ఎంతవుతుంది, ఎన్నాళ్లుంటాయి అని అడుగుతుంటారు. ముందే చెప్పేస్తున్నా: డబ్బు మొదట పట్టాల మీద పెట్టండి, తర్వాతే రైళ్ల మీద. రైలు కొనేటప్పుడు కూడా పూర్తి రేక్ (మొత్తం బోగీల వరస) ఒక్కటి కొని దాన్ని నడపండి. రకానికో ఇంజన్ కొని డబ్బాల్లో దాచుకునేవాళ్లకు ఇందులోని అసలు సుఖం అందదు.

ఎన్ గేజ్ అంటే రెండు పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. జపాన్‌లో షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) మోడళ్లు 1:160 కొలతలో, మామూలు లైన్ల రైళ్లు 1:150 కొలతలో వస్తాయి. షింకాన్‌సెన్ నడిచేది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ మీద. దాన్ని 160తో భాగిస్తే దాదాపు సరిగ్గా 9 వస్తుంది. మిగతా జేఆర్ (జపాన్ రైల్వేస్) లైన్లు దాదాపు అన్నీ 1,067 మిల్లీమీటర్ల నారో గేజ్, 150తో భాగిస్తే 7 పైచిలుకే. అంటే మామూలు రైళ్ల మోడళ్ల కింద పట్టాలు ఉండాల్సినదాని కన్నా దాదాపు 2 మిల్లీమీటర్లు వెడల్పు. ఆవిరి ఇంజన్‌ని ఎదురుగా వంగి చూస్తే ఈ తేడా కనిపిస్తుంది. బ్రాడ్ గేజ్ చూస్తూ పెరిగిన నా కంటికి మాత్రం అది లోటుగా ఎప్పుడూ అనిపించలేదు.

1965లో కాటో తెచ్చిన సి50 ఆవిరి ఇంజన్‌తో జపాన్‌లో ఎన్ గేజ్ మొదలైంది. ఇంతగా పాతుకుపోవడానికి కారణం ఇక్కడి ఇళ్లు. బల్ల వేసి శాశ్వతంగా లేఅవుట్ (పట్టాల ఏర్పాటు) కట్టుకునే చోటు చాలామందికి ఉండదు. నేల మీది తతామీ చాపల మీదే పట్టాలు పరిచి, కాసేపు నడిపి, విప్పి పెట్టెలో సర్దేయడం ఇక్కడి పద్ధతి. ఒజషికి ఉంటెన్ అంటారు. ఒక తతామీ చాప సుమారుగా 1.8 మీటర్ల పొడవు, 0.9 మీటర్ల వెడల్పు. కాటోలో 315 మిల్లీమీటర్ల వ్యాసార్ధం వంపులు, రెండు పక్కలా 248 మిల్లీమీటర్ల నిటారు ముక్కలు నాలుగేసి వేస్తే ఆ ఒక్క చాప మీదే లూప్ సరిపోతుంది. చుట్టుకొలత దాదాపు 4 మీటర్లు. 11 బోగీల టోక్యో యమనోతే లైన్ రేక్ పొడవు మీటరున్నర లోపే కాబట్టి దాని మీద చక్కగా తిరుగుతుంది. అదే 16 బోగీల ఎన్700 షింకాన్‌సెన్ అయితే రెండున్నర మీటర్లు. ముక్కు వంపు తిరిగేసరికి తోక ఎదుటి వైపునే ఉంటుంది, చూడటానికి బాగోదు. చిన్న గదిలో షింకాన్‌సెనే కావాలనుకుంటే 10 బోగీల ఈ5 దగ్గర ఆగండి. అది ఒకటిన్నర మీటర్ల పైన కొంచెమే.

పట్టాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ తొందరపడి ఇక్కడే డబ్బు మిగుల్చుకోవాలని చూస్తారు. కాటో యూనిట్రాక్‌లో ప్రతి ముక్క కిందా కంకర పోసినట్టు గట్టి ప్లాస్టిక్ దిమ్మె ఉంటుంది. రెండు ముక్కలనూ యూనిజాయినర్ అనే చిన్న క్లిప్పు పట్టి ఉంచుతుంది. టక్కున పడుతుంది. కరెంటూ అందులోంచే పోతుంది. ఎన్నిసార్లు విప్పి బిగించినా పట్టు వదలడం తక్కువ, ఒకవేళ వదులైనా ఆ క్లిప్పు ఒక్కటే పీకి కొత్తది వేసుకోవచ్చు, పట్టా పారేయక్కర్లేదు. తీసి పెట్టేసే పద్ధతికి ఇంతకన్నా పనికొచ్చేది నేను చూడలేదు. టొమిక్స్ ఫైన్ ట్రాక్ కూడా మంచిదే. ఇరుకు వంపులు, ట్రామ్‌లకు సరిపోయే బుల్లి వంపులు అందులో ఎక్కువ, చిన్న బల్ల మీద స్టేషన్ యార్డు ఇమడ్చాలంటే అదే నయం. కానీ రెండూ కలవవు. జంట లైన్ల మధ్య దూరం కాటోలో 33 మిల్లీమీటర్లు, టొమిక్స్‌లో 37. నిటారు ముక్క కాటోది 248, టొమిక్స్‌ది 280. జాయింట్లు కూడా వేరు. ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలి.

నా ఓటు కాటోకే. దానికి పెద్ద కారణం కాంక్రీట్ స్లీపర్లతో వచ్చే జంట లైన్ వంపులు. వాటిలో బయటి పట్టా కాస్త ఎత్తుగా ఉంటుంది, నిజం లైన్లో వంపు దగ్గర ఉన్నట్టే. వంపు మొదట్లో ఆ ఎత్తు మెల్లగా పెరిగే ముక్క ఒకటి ఉంటుంది. నేల మీద బోర్లా పడుకుని కంటిని పట్టాల ఎత్తులో పెట్టి చూడండి. ఈ5 ముక్కు ముందు ఒక్క పిసరు లోపలికి ఒరుగుతుంది, వెనక ఒక్కో బోగీ వరుసగా అదే చోట అంతే ఒరుగుతుంది, చివరి బోగీ నిటారు లైన్లోకి వచ్చి లేచి నిలబడుతుంది. ఈ ఒక్క దృశ్యం కోసం ఆ పట్టాలు కొన్నా తప్పులేదు.

ఇక రైళ్లు. ఈ5 మూడు పెట్టెల్లో వస్తుంది: 3 బోగీల మూలసెట్టు, 3 బోగీల అదనపు సెట్టు, 4 బోగీల ఇంకో సెట్టు. ముందు మూడు బోగీలతో నడుపుకుని, జీతం వచ్చాక మిగతావి చేర్చుకోవచ్చు. అన్నీ కొంటే రెండు పదుల వేల యెన్‌లు దాటుతుంది. పైన ఆకుపచ్చ, కింద తెలుపు, మధ్యలో గులాబీ గీత. ఆ గీత తలుపు గాడుల్లోకి దిగి మళ్లీ పైకి వస్తుంది, భూతద్దం పెట్టి చూసినా అంచు చెదరదు. డయల్‌ని మెల్లగా తిప్పితే కుదుపు లేకుండా పాకుతూ బయల్దేరుతుంది. మోటారు పక్కన ఉన్న ఫ్లైవీల్ (తిరుగుడు ఆగనివ్వని బరువు చక్రం) వల్ల, పట్టా మీద చిన్న మరక తగిలి క్షణం కరెంటు పోయినా రైలు ఆగదు.

నాకు ప్రాణం మాత్రం 383 సిరీస్. నగోయా నుంచి నగానో వెళ్లే షినానో ఎక్స్‌ప్రెస్ ఇదే, కిసో లోయ వంపుల్లో వేగం తగ్గకుండా బాడీ పక్కకి వంచుకుంటూ పోయే రైలు. కాటో మోడల్లో కూడా ఆ వంగడం ఉంది. కింద చక్రాల చట్రం తిరిగే కోణాన్ని బట్టి పైన బాడీ ఒరుగుతుంది, వేరే మోటారేమీ అక్కర్లేదు. నిజం రైల్లో కిటికీ పక్కన కూర్చుని, లోయ కిందికి జారుతున్నట్టు అనిపించినప్పుడు కలిగిన ఆనందం మోడల్ వంపు తిరిగిన ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఆవిరి ఇంజన్లలో సి62 తీసుకోండి. 1954లో ఒక సి62 గంటకు 129 కిలోమీటర్ల వేగం అందుకుంది, నారో గేజ్ ఆవిరి ఇంజన్లలో అది ప్రపంచ రికార్డు. కాటో ఈమధ్య తెస్తున్న ఆవిరి ఇంజన్లలో కోర్‌లెస్ (లోపల ఇనుప దిమ్మె లేని) మోటార్లు వాడుతోంది. అంచేత బాగా నెమ్మదిగా నడపొచ్చు, రాడ్లు ఒకదాని వెనక ఒకటి ఎలా కదులుతున్నాయో కంటితో పట్టుకోవచ్చు. వేగంగా తిప్పితే ఆ అందం కనపడదు.

టొమిక్స్ బోగీలు నాణ్యతలో ఎక్కడా తీసిపోవు. కొన్ని మోడళ్లలో పైకప్పు మీది గొట్టాలు, కిటికీ లోతు కాటో కన్నా బాగుంటాయి. స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు కూడా హెడ్‌లైట్ వెలిగి ఉండే పద్ధతి వాళ్ల సీఎల్ పవర్ యూనిట్లలో ఉంది. రాత్రి గదిలో లైటు తీసేసి నడిపేవాళ్లకు అది చాలా విలువైనది. కానీ డబ్బా తెరిచాక పని మనదే. యాంటెన్నా, హారన్, పట్టుకునే కడ్డీలు విడిగా చిన్న ప్లాస్టిక్ చట్రానికి అతుక్కుని వస్తాయి. ఒక్కోటీ బియ్యపు గింజలో సగం ఉండదు. పదునైన కట్టర్‌తో కోసి, ట్వీజర్‌తో పట్టుకుని, పైకప్పు మీద సూది మొనంత రంధ్రంలో దించాలి. కొంచెం గట్టిగా నొక్కితే ట్వీజర్ కొసల మధ్యనుంచి ఎగిరిపోతుంది, ఇక చాప సందుల్లో వెతుక్కోవడమే. అందుకని పెద్ద పారదర్శకపు ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి ఆ పని చేస్తాను. బోగీ నంబర్లు కూడా మనమే రుద్ది అతికించాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఇది ఇష్టమైన పనే. లేనివాళ్లు నంబర్లు అచ్చేసి వచ్చే సెట్లు చూసుకోవడం మంచిది.

ఎక్కువకాలం వాడితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. మోటారు ఉన్న బోగీలో కొన్ని చక్రాలకు సన్నటి రబ్బరు పట్టీ ఉంటుంది, పట్టా జారకుండా. అది ఏళ్లు గడిచేకొద్దీ సాగుతుంది, గట్టిపడుతుంది. నిటారు లైన్లో బాగా పోయే రైలు వంపులో గింగిరాలు కొడుతూ ఆగిపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. టూత్‌పిక్‌తో పాతది లాగేసి, కొత్త పట్టీని చక్రం గాడిలో ఒక పక్క ఆనించి, రెండో పక్క టూత్‌పిక్‌తోనే మెల్లగా చుట్టూ తోయాలి. మెలిక పడకూడదు. మెలిక పడితే రైలు ప్రతి చుట్టుకీ ఎగిరినట్టు కుంటుతుంది.

రెండోది మసి. కరెంటు పట్టాల్లోంచి చక్రాలకు వెళ్లేచోట సన్నటి నిప్పురవ్వలు లేస్తాయి, నల్లటి పొర పేరుకుంటుంది. లైట్లు మినుకుమినుకుమంటే తుడవాల్సిన రోజు వచ్చిందన్నమాట. టొమిక్స్ తుడిచే బండి ఒకటి చేస్తుంది, పట్టాలను రుద్దే, దుమ్ము పీల్చే బండి. నేల మీద పరిచి నడిపేవాళ్లు అది తప్పకుండా కొనాలి. వెంట్రుకలు, దారపు పోగులు గేర్లలో చుట్టుకోవడం ఈ పద్ధతిలో ఉన్న అసలైన కష్టం.

మూడోది అన్నింటికన్నా ముఖ్యం. బోగీలు పుస్తకం ఆకారంలో ఉండే డబ్బాలో, స్పాంజి గాడుల్లో వస్తాయి. ఆ స్పాంజి యురెథేన్. గాలిలో తేమకు ఏళ్ల తరబడి అది విచ్చుకుపోయి జిగురుగా మారి రంగుకు అంటుకుంటుంది. టోక్యోలో జూన్, జులై త్సుయు వానల తేమే చాలు. విశాఖ, కాకినాడ గాలి గురించి చెప్పనే అక్కర్లేదు. ప్రతి బోగీకీ పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి పెట్టండి, వాడకపోయినా ఏడాదికోసారి తెరిచి గాలి తగలనివ్వండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు కూడా ముందు స్పాంజిని వేలితో నొక్కి చూడండి. ఒక కంపెనీ పాత మోడల్లో ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు పగిలి, ప్రతి తిప్పుకీ టక్‌టక్‌మని చప్పుడు చేసింది. ఇరుసు మార్చాక సర్దుకుంది.

విడి భాగాలు దొరకడం జపాన్ ఎన్ గేజ్‌లో గొప్ప సుఖం. కాటో తన మోడళ్ల భాగాలను అసీ పార్ట్స్ పేరుతో విడివిడిగా అమ్ముతుంది. చక్రాల చట్రం, పాంటోగ్రాఫ్ (పై తీగను తాకే చేయి), పైకప్పు, ఆఖరికి బాడీ కూడా. షింజుకు వార్డులోని నిషి ఒచియాయ్‌లో ఉన్న హాబీ సెంటర్ కాటోకి వెళ్తే అవన్నీ వరసగా వేలాడుతుంటాయి. అయితే బండీ, భాగమూ అన్నివేళలా దొరుకుతాయని లేదు. ఇక్కడ మోడళ్లు విడతలుగా తయారవుతాయి. కొన్ని నెలల ముందు ప్రకటిస్తారు, ఆర్డర్లు తీసుకుంటారు, వచ్చినవి అయిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు. కాబట్టి ఇష్టమైన రైలు ప్రకటించగానే బుక్ చేసుకోవాలి. మూలసెట్టు కొని అదనపు సెట్టు తర్వాత చూద్దాం అనుకుంటే అది దొరక్కపోవచ్చు. తప్పిపోయిందని బాధపడక్కర్లేదు, పొపొండెట్టా లాంటి సెకండ్ హ్యాండ్ షాపులున్నాయి. లోపం ఉంటే చీటీ మీద నిజాయితీగా రాసి పెడతారు.

పెద్ద రేక్ మీద మోజున్నవాళ్లకు రెంటల్ లేఅవుట్లు ఉన్నాయి. గంటకింత అని కట్టి, మన రైలు తీసుకెళ్లి, కొండలూ వంతెనలూ ఉన్న పెద్ద లేఅవుట్ మీద నడుపుకోవచ్చు. 16 బోగీల ఎన్700 మొదటిసారి పూర్తిగా ఒకే నిటారు లైన్ మీద కనిపించేది అక్కడే. పక్క లైన్లో నడుపుతున్న ముసలాయన తన బ్లూ ట్రెయిన్ (నీలం రంగు రాత్రి స్లీపర్ రైలు) గురించి ఓపిగ్గా చెబుతాడు, భాష సగమే వచ్చినా సరే. యొకొహామాలో 2012లో తెరిచిన హారా మ్యూజియం కూడా చూడండి. హారా నొబుతారో జీవితమంతా పోగేసిన రైళ్లు అవి, వన్ గేజ్ అనే పెద్ద సైజు రైళ్ల చాలా పెద్ద లేఅవుట్ మీద నడుస్తూ కనిపిస్తాయి. పోగేసినవాళ్లంతా ఇలా నడపాలి అనిపిస్తుంది నాకు.

ఇండియాకి తీసుకెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. పార్సిల్‌లో తెప్పించుకుంటే ఇవి బొమ్మల కింద లెక్కకు రావచ్చు. బొమ్మల మీద బేసిక్ కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పైగా 2021 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. అందుకే తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఇక్కడున్నప్పుడే పట్టాలు, రబ్బరు పట్టీలు, యూనిజాయినర్లు సరిపడా కొనుక్కుని, బ్యాగేజీ నిబంధనలు చూసుకుని, తమ సామానులోనే పెట్టుకోవడం మంచిది. పవర్ ప్యాక్ పట్టాలకిచ్చేది 12 వోల్టుల డీసీయే, ఏ ఊళ్లో అయినా అంతే. చూడాల్సింది గోడలో పెట్టే వైపు. అడాప్టర్ మీద 100 వోల్టులని మాత్రమే రాసి ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకండి, కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని బరువు ఇక్కడినుంచి మోయక్కర్లేదు, హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి.