ఫొటోగ్రఫీ వర్క్‌షాప్: గురువు పేరు చూడాలా, శిష్యుల పని చూడాలా?

ఏ వర్క్‌షాప్ ప్రకటన తీసినా రెండు జాబితాలు తప్పవు. నేర్పేవారి ఫొటోలు ఎక్కడెక్కడ అచ్చయ్యాయి, ఎన్ని పతకాలు వచ్చాయి, పేరు పక్కన అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఎఫ్‌ఐఏపీ ఇచ్చే ఏఎఫ్‌ఐఏపీ, ఈఎఫ్‌ఐఏపీ లాంటి బిరుదు ఉందా అన్నది మొదటిది. 'మా విద్యార్థుల విజయాలు' అన్నది రెండోది. మొదటిది చూసి ఫీజు కట్టేవాళ్లే ఎక్కువ. కానీ బరువు ఇవ్వాల్సింది రెండోదానికి, అదీ చేటలో వేసి చెరిగాక.

గురువు పేరు ఎంతవరకు పనికొస్తుంది?

బాగా తీయడం వేరు. ఇంకొకరు తీసిన మూడొందల ఫ్రేముల్లోంచి పది ఏరి, ఏది ముందు ఏది వెనక అని కూర్చి చూపించడం వేరు. పత్రికలో అచ్చయ్యే పనికి కావాల్సింది ఈ రెండోదే. పతకాల గురువుకు అది రావచ్చు, రాకపోనూవచ్చు. అందుకని ఆయన ఫొటోలు ఎంత గొప్పవి అన్నదానికంటే, మన ఫొటోలు ఎంతసేపు చూస్తారు అన్నది ముందు తేల్చుకోవాలి.

లెక్క కష్టమేమీ కాదు. 20 మందికి నేర్పేది ఒక్కరే, రోజుకు రెండు గంటలు సమీక్ష అంటే మనిషికి 6 నిమిషాలు. ఆ 6 నిమిషాల్లో 'హొరైజన్ వంగింది', 'ఆకాశం తెల్లగా పేలిపోయింది' అనేదాకా వస్తుంది, అంతే. ఈ కథకు మొదటి ఫొటో ఏది, ఇంకా తీయాల్సింది ఏముంది అనే మాట దగ్గరికి పోనే పోదు.

అమెరికాలో ఎడ్డీ ఆడమ్స్ వర్క్‌షాప్‌ను చూడండి. 1968లో సైగాన్ వీధిలో తీసిన ఫొటోకు మరుసటి ఏడాది పులిట్జర్ అందుకున్న ఆడమ్స్, 1988లో దాన్ని మొదలుపెట్టారు. పోర్ట్‌ఫోలియో చూసి 100 మందిని తీసుకుంటారు, నేర్పినందుకు ఫీజు లేదు, పదేసి మందిని ఒక జట్టుగా విడగొట్టి నడుపుతారు. ఆయన 2004లో పోయారు, వర్క్‌షాప్ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. నిలబెట్టింది పేరు ఒక్కటే అయితే అది అప్పుడే ఆగిపోయేది.

1949 నుంచి నడుస్తున్న మిస్సోరీ ఫొటో వర్క్‌షాప్ పద్ధతి మరీ గట్టిది. వారం పాటు ఒకే చిన్న ఊరు. కెమెరా తీయకముందే ఊళ్లో తిరిగి కథ వెతుక్కోవాలి. 'ఇక్కడ వ్యవసాయం బాగుంది' అంటే ఒప్పుకోరు. ఫలానా మనిషి, ఆమెకు ఈ వారంలో జరగబోయేది ఇది, నన్ను లోపలికి రానిస్తానంది అని చెప్పగలగాలి. ఆ తర్వాత కూడా 400 ఫ్రేములే. సెకనుకు పది చొప్పున నొక్కితే 40 సెకన్లలో అయిపోతాయి, కాబట్టి ఆగి కనిపెట్టుకుని ఉండక తప్పదు. ఇది ఏ గురువు పతకాల జాబితాలోనూ దొరకని విషయం.

ఇక శిష్యుల జాబితా

ఇందులో అన్నీ ఒకే తూకం కాదు. మన దగ్గర అన్నిటికంటే పొడవుగా కనిపించేవి సలోన్ యాక్సెప్టెన్సులు, అంటే ఫొటో ప్రదర్శన పోటీల్లో జ్యూరీ ఎంపికలు. 'మావాళ్లకు ఈ ఏడాది 300 యాక్సెప్టెన్సులు' అని చూసి బెదిరిపోనక్కర్లేదు. చాలా సలోన్లు సర్క్యూట్‌గా నడుస్తాయి. ఒకసారి అప్‌లోడ్ చేసిన ఫొటోను నాలుగైదు జ్యూరీలు విడివిడిగా చూస్తాయి, ఒక్క ఫొటోకే నాలుగైదు యాక్సెప్టెన్సులు రావచ్చు. కాబట్టి అడగాల్సింది ఎన్ని యాక్సెప్టెన్సులు అని కాదు, ఎన్ని వేర్వేరు ఫొటోలు, ఎంతమంది విద్యార్థులవి అని.

రెండో చిక్కు సైజు. డిజిటల్ విభాగాల్లో చాలాచోట్ల అడిగేది 1920×1080 పిక్సెళ్ల లోపు ఫైలు. అచ్చుకు వాడే 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) లెక్కన 1920 పిక్సెళ్లు కాగితం మీద 6.4 అంగుళాలే. పత్రికలో ఏ4 నిండు పేజీకి 2480×3508 కావాలి. తెరమీద కళకళలాడిన ఫొటో పేజీ మీదికి వచ్చేసరికి కంటి మీద ఉండాల్సిన ఫోకస్ చెవి మీద ఉందనీ, నీడల్లో గింజలు తేలాయనీ, షార్పెనింగ్ ఎక్కువై అంచుల వెంట తెల్లగీత పడిందనీ బయటపడుతుంది. సలోన్‌లో నెగ్గినంత మాత్రాన అచ్చుకు పనికొస్తుందని కాదు.

మూడోది అన్నిటికంటే పెద్దది, ఏర్పాటు ఫొటో. పొద్దు వాలే వేళ, ఎదురు వెలుతురు, దుమ్ము రేపుకుంటూ గొర్రెల మంద, ముందు తలపాగా, గొంగడి, చేతికర్రతో ఒక తాత. డబ్బిచ్చి మందను మూడుసార్లు వెనక్కీ ముందుకీ నడిపిస్తారు. పన్నెండు మంది వరసగా 70-200 లెన్సులతో మోకాళ్ల మీద కూర్చుని తీస్తారు. ఎక్స్‌పోజర్ గురువే చెబుతారు. ఫొటో అందంగానే వస్తుంది, ఎందుకు రాదు! కాకపోతే అది పన్నెండు మంది ఖాతాలో పడ్డ గురువుగారి ఫొటో. జాబితాలోంచి ఐదుగురు విద్యార్థుల ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. అదే తలపాగా, అదే చెట్టు, అదే దుమ్ము కనిపిస్తే ఆ వర్క్‌షాప్ నేర్పుతున్నది స్థలం, చూపు కాదు.

ఇందులో నిబంధనల గొడవ కూడా ఉంది. అమెరికా ఫొటోగ్రాఫిక్ సొసైటీ, అంటే పీఎస్‌ఏ, ఫొటో జర్నలిజం, ట్రావెల్ విభాగాల్లో ఫొటో కోసం ఏర్పాటు చేసిన సంఘటనలను, డబ్బిచ్చి లేదా చెప్పి చేయించిన మనుషులను ఒప్పుకోదు. ఆ తాత ఫొటో అందమే ముఖ్యమైన పిక్టోరియల్ విభాగాల్లో పెట్టుకోవచ్చు, ట్రావెల్‌లో పెడితే తప్పు. నేచర్ విభాగానికి పీఎస్‌ఏ, ఎఫ్‌ఐఏపీ, బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ 2014లో ఒకే నిర్వచనానికి వచ్చాయి: క్రాప్ చేయవచ్చు, కానీ ఒక కొమ్మను చెరపకూడదు, ఒక పక్షిని కలపకూడదు. వర్క్‌షాప్‌లో ఈ తేడా చెబుతారా లేదా అన్నది ఫోన్‌లోనే అడిగేయొచ్చు.

పోటీల బహుమతులు సలోన్ల కంటే బరువైనవే, అందులోనూ ఒరిజినల్ ఫైళ్లు తెప్పించుకుని చూసేవి. వరల్డ్ ప్రెస్ ఫొటోకు ప్రవేశ రుసుము లేదు, చివరి దశకు వచ్చినవాళ్లు రా ఫైళ్లు, అంటే కెమెరాలోంచి వచ్చిన మార్చని ఫైళ్లు, చూపాలి. అయితే ఇచ్చిన బహుమతి వెనక్కీ పోతుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ పోటీలో 2009 విజేతగా నిలిచిన తోడేలు ఫొటో, అది మచ్చికైన జంతువన్న నిర్ణయంతో రద్దయింది. 2017లో ఒక విభాగంలో గెలిచిన చీమలతిను జంతువు ఫొటోలో ఉన్నది చనిపోయిన జంతువు తోలును కూరి నిలబెట్టిన నమూనా అని తేల్చి మరుసటి ఏడాది తీసేశారు. పేరున్న పోటీ పేరు జాబితాలో కనిపిస్తే, నిర్వాహకుల విజేతల పట్టికలో ఆ ఫొటో ఇప్పటికీ ఉందా లేదా చూసుకోవాలి.

ఫొటోలు సేకరించి వాడుకునేవాళ్లకు అమ్మే స్టాక్ ఏజెన్సీలో 'రెండు వేల ఫొటోలు తీసుకున్నారు' అనేది విజయమేమీ కాదు. అడోబ్ స్టాక్ కనీసం 4 మెగాపిక్సెళ్లు, శుభ్రమైన ఫోకస్, గుర్తుపట్టగలిగే మనిషి ఉంటే ఆ మనిషి సంతకం చేసిన అనుమతి పత్రం (మోడల్ రిలీజ్) అడుగుతుంది. సాంకేతిక క్రమశిక్షణ అలవడుతుంది, అంతవరకు మంచిదే. విద్యార్థులే తలా కొంత వేసుకుని అచ్చేయించుకున్న సంకలనం జ్ఞాపికే, లెక్కలో వేయకండి.

లెక్కలో వేయాల్సింది ఒక్కటి: ఒక విద్యార్థి పేరుతో, ఎనిమిది పది ఫొటోల కథ, పేర్లూ ఊర్లూ సరిగ్గా ఉన్న క్యాప్షన్లతో, బయటి ఎడిటర్ ఎంచి వేసినది. ఇలాంటివి మూడున్నా 300 యాక్సెప్టెన్సుల కంటే మేలు. ఢాకాలో ఫొటోగ్రాఫర్ షాహిదుల్ ఆలం 1998లో పెట్టిన 'పాఠశాల' అనే ఫొటోగ్రఫీ బడి నుంచి వచ్చినవాళ్లను చూడండి. తస్లీమా అఖ్తర్ 2013లో కూలిన దుస్తుల ఫ్యాక్టరీల భవనం రాణా ప్లాజా శిథిలాల్లో కౌగిలించుకుని చనిపోయిన ఇద్దరిని తీశారు. సర్కార్ ప్రతీక్ తన అవ్వా తాతల ముసలితనాన్ని తెల్లటి వెలుతురులో తీసి 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి తెచ్చుకున్నారు. ఇద్దరూ తర్వాత అక్కడే పాఠాలు చెప్పారు. ఆ ఫొటోలు పక్కపక్కన పెడితే ఒకే బడివని ఎవరూ అనరు. బడి బాగుందనడానికి అంతకంటే గుర్తు అక్కర్లేదు.

మరి ఎవరికి ఏది?

పేరు పక్కన బిరుదు కావాలనుకునేవాళ్లు సలోన్ అనుభవమున్న గురువు దగ్గరికే వెళ్లాలి. ఏ విభాగానికి ఏ ఫొటో, ఏ సర్క్యూట్‌కు ఎప్పుడు పంపాలి అన్నది ఆయనకే తెలుస్తుంది, అందులో తప్పేం లేదు. కొల్లేరులో పెలికాన్లు, నేలపట్టులో కొంగలు తీయడం నేర్చుకోవాలన్నా పక్షుల అలవాట్లు తెలిసిన గురువే ముఖ్యం. శిష్యుల జాబితా రెండో మాట. పత్రికల్లో పని రావాలనుకునేవాళ్లకు మాత్రం అది తలకిందులు. గత రెండేళ్ల విద్యార్థుల్లో ఇద్దరితో మాట్లాడించమనండి. అచ్చయిన కథ వర్క్‌షాప్‌లో మొదలైందా, అంతకుముందే చేతిలో ఉందా అని వాళ్లను అడగండి. ముందే ఉన్నదైతే ఆ ఘనత వర్క్‌షాప్‌ది కాదు.

డబ్బు కట్టేముందు దరఖాస్తులోని హక్కుల పేరా చదవండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు మీ కోసం తీసిన ఫొటోకు తొలి హక్కుదారు మీరే, వర్క్‌షాప్ కాదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. 'ఏ మాధ్యమంలోనైనా, శాశ్వతంగా' అని ఉంటే 'ఈ వర్క్‌షాప్ ప్రచారానికి మాత్రమే, రెండేళ్లు, ఫొటోగ్రాఫర్ పేరుతో' అని మార్పించుకోండి. కుదరదంటే పత్రికకు పంపాలనుకున్న కథలోని ఫొటోలు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎక్కడా రానివే కావాలని అడిగే ఎడిటర్లు ఉంటారు.