మ్యాన్ ఆఫ్ ద వెస్ట్ (1958): మానేసినవాడి మీదకి పాత బతుకు వచ్చిపడితే

కౌబాయ్ సినిమా అంటే మనకి కృష్ణగారు, గుర్రం, టోపీ. నేనూ అదే మూడ్‌లో ఇది పెట్టుకుని కూర్చున్నా, అయిపోయాక చాలాసేపు నిద్రపట్టలేదు.

లింక్ జోన్స్ (గ్యారీ కూపర్) ఒకప్పుడు దోపిడీలు, హత్యలు చేసిన ముఠాలో మనిషి, అవన్నీ వదిలేసి ఎక్కడో దూరంగా పెళ్లాం పిల్లలతో మర్యాదగా బతుకుతున్నాడు. ఊళ్ళో స్కూలుకి టీచర్ని మాట్లాడి తీసుకురమ్మని ఊరివాళ్ళు డబ్బులిచ్చి పంపితే ఫోర్ట్ వర్త్ రైలెక్కుతాడు. ఆ రైలు స్టేషన్లోకి వస్తుంటేనే అంత పొడుగు మనిషి ఉలిక్కిపడి వెనక్కి జరుగుతాడు, లోపల సీట్లో కాళ్ళు ఎలా పెట్టుకోవాలో తెలీక ఇబ్బంది పడతాడు, చూస్తుంటే మన ఇంట్లో పెద్దాయనెవరో గుర్తొస్తారు. తర్వాత రైలు మీద దొంగలు పడటం, ఇతనూ, పాటలు పాడుకునే బిల్లీ (జూలీ లండన్), ఇంకో వాగుడుకాయ మోసగాడూ నడిదారిలో మిగిలిపోవడం, దిక్కులేక నడిచెళ్ళి తలుపు తడితే అది సరిగ్గా తన పాత ముఠా ఉన్న ఇల్లే కావడం.

అక్కడుంటాడు డాక్ టోబిన్, ఇతన్ని పెంచి దొంగని చేసినవాడు. లీ జే కాబ్ వేశాడు, నిజానికి కూపర్ కంటే పదేళ్ళు చిన్నోడు, అయినా ఆ అరుపులకీ ఆ కళ్ళకీ పెద్దాయన అనే నమ్మేశా.

ఆ ఇంట్లో ముఠావాడు కోలీ లింక్ మెడ మీద కత్తి పెట్టి ఆ అమ్మాయిని బట్టలు విప్పమని బెదిరిస్తాడు. ఆ సీన్ నిజంగా భరించడం కష్టం, పిల్లలతో కూర్చుని చూడకండి. తర్వాత లింక్ ఆ కోలీని చితక్కొట్టి వాడి బట్టలే చింపేస్తాడు. మామూలుగా అయితే అక్కడ మనం విజిలెయ్యాలి, కానీ కూపర్ మొహం చూస్తే చెయ్యి లేవదు, ఎందుకంటే ఇన్నేళ్ళు అణిచిపెట్టుకున్న మృగం మళ్ళీ లేచిందని ఆయనకే తెలిసిపోతోంది. మంచివాడిగా మారడం అంటే పాతవాడు చచ్చిపోవడం కాదన్నమాట, లోపల పడుకుని ఉంటాడంతే. ఈ విషయం ఇంత సూటిగా చూపించిన వెస్టర్న్ నేనింకోటి చూడలేదు.

డైరెక్టర్ ఆంథొనీ మాన్ ఆ వైడ్ స్క్రీన్‌ని వాడిన తీరు కూడా చెప్పాలి. పాడుబడ్డ లాసూ ఊళ్ళో కాల్పుల్లో లింక్, శత్రువు ఇద్దర్లో ఒకరు వరండా చెక్కల మీద పడుకుని ఉంటే, ఇంకొకరు ఆ చెక్కల కిందే పడుకుని ఉంటారు, ఇద్దరూ ఒకే ఫ్రేములో. అక్కడ ఆపి మళ్ళీ వెనక్కి తిప్పి చూశా.

బిల్లీ అంత త్వరగా ప్రేమలో పడిపోవడం మాత్రం నాకు అతకలేదు, ఆ పాత్రకి ఇంకాస్త టైమిచ్చి ఉండాల్సింది. అయినా నా రేటింగ్ 4.5/5. గంటా నలభై నిమిషాలే, ఫోన్ పక్కన పెట్టి చూడండి.