పళ్ళ డాక్టరు కుర్చీలో వీణానాదం: ఆరేళ్ల వాడకం తరువాత

గత ఆరేళ్లలో నేను మూడు పళ్ళకు రూట్ కెనాల్ చేయించుకున్నాను, ఒక జ్ఞానదంతం తీయించుకున్నాను. మొట్టమొదటి సిట్టింగ్ తప్ప మిగిలినవన్నీ చెవిలో సంగీతం వింటూనే గడిచాయి. చిన్నప్పుడు మత్తు ఎక్కకముందే పన్ను పీకించుకున్న భయం నన్ను నలభై ఏళ్లు దాటినా వదలలేదు కనుక, పుచ్చుపన్ను సలుపును లవంగనూనెతో నెలల తరబడి అణచుకుంటూ వచ్చేవాణ్ణి. ఆ వాయిదాలు మానడానికి సంగీతమే కారణమని నిస్సందేహంగా చెప్పగలను.

నా అనుభవంలో సంగీతం ఎక్కువగా ఆదుకునేది చికిత్స సమయంలో కాదు, దానికి ముందు. పేరు పిలిచేదాకా బయట కూర్చునే సమయం, సూది వేశాక పెదవి మొద్దుబారేదాకా ఎదురుచూసే కొద్ది నిమిషాలు నాకు అన్నిటికంటే కష్టమైనవి. మత్తుమందులో కలిపే అడ్రినలిన్ వల్ల ఆ సమయంలో కొందరికి గుండె దడగా కొట్టుకుంటుందని మా డాక్టరు గారు వివరించేవరకు, నేను ఆ దడను కూడా భయమనే అనుకుని మరింత భయపడేవాణ్ణి. ఇప్పుడు ఆ నిమిషాలకు నీలాంబరి రాగాలాపన పెట్టుకుంటాను. జోలపాటల రాగమని దానికున్న పేరు ఊరికే రాలేదు.

డ్రిల్ మొదలయ్యాక సంగీతం సగమే పనిచేస్తుంది. నిమిషానికి సుమారు 3 లక్షల సార్లు తిరిగే ఆ పరికరపు కీచుధ్వని గాలిలోనే కాక పన్ను, దవడ ఎముకల గుండా కూడా లోపలి చెవికి చేరుతుంది. అందువల్ల ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్లయినా దానిని పూర్తిగా ఆపలేవు, శబ్దం పెంచితే చెవులకే చేటు. 1960 ప్రాంతంలో అమెరికాలో వాలెస్ గార్డ్‌నర్ అనే దంతవైద్యుడు, జె.సి.ఆర్. లిక్‌లైడర్ అనే శాస్త్రవేత్త కలిసి రోగులకు సంగీతాన్ని, హోరుశబ్దాన్ని వినిపించి, శబ్దస్థాయిని మార్చే మీటను రోగి చేతికే ఇచ్చారు. ఆ మీట రోగి చేతిలో ఉండడమే అందులో అసలు కీలకమని నాకనిపిస్తుంది. ఒకప్పుడు నేను వెళ్లిన క్లినిక్‌లో స్పీకర్లో ఎఫ్.ఎం. రేడియో మోగుతుండేది, సరిగ్గా సూది గుచ్చే క్షణాన వచ్చిన ప్రకటనల గోలకు నేను ఉలిక్కిపడ్డాను. తాను ఎంచుకోని సంగీతం రోగికి అక్కరకు రాదు.

ఎంపికలో నేనూ పొరపాట్లు చేశాను. కంఠస్థమైన కీర్తనలు పెట్టుకుంటే నాకు తెలియకుండానే నాలుక సాహిత్యంతో కలిసి కదిలేది, డాక్టరు గారు రెండుసార్లు పని ఆపవలసి వచ్చింది. కచేరీలో మృదంగం వంటి తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం వింటే తల తాళానికి ఊగింది. చివరకు ఈమని శంకరశాస్త్రి గారి వీణ దగ్గర స్థిరపడ్డాను. మాటలు ఉండవు, స్వరాన్ని ఊపి పలికించే గమకం వెంట మనసు నిదానంగా నడుస్తుంది.

మా డాక్టరు గారు కుడివైపు నిలబడతారు కనుక ఎడమ చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. "ఇంకాస్త నోరు తెరవండి" అన్న మాట కుడి చెవికి వినిపించాలి. ఫోన్ మోగకుండా ఫ్లైట్ మోడ్‌లో ఉంచుతాను. నొప్పి తెలిస్తే ఎడమ చేయి ఎత్తాలని ముందే మాట్లాడుకున్నాం. జ్ఞానదంతం తీసిన రోజు ఆ చేయి ఎత్తవలసి వచ్చింది. మరికొంత మత్తు ఇచ్చాకే పని సాగింది. అంతసేపూ వీణ ఆగలేదు, కానీ నొప్పి తీర్చింది మత్తుమందే.