కొలంబియాలో సీటు కొంటే బెంచి కనిపించే వైపు కొనండి

అమెరికాలో మేముండే షార్లెట్ నుంచి ఐ-77 రహదారి మీద దక్షిణంగా గంటన్నర ప్రయాణం చేస్తే సౌత్ కరోలినా రాష్ట్ర రాజధాని కొలంబియా వస్తుంది. జనవరిలో ఒక గురువారం, పన్నెండేళ్ల మా అమ్మాయిని బడి నుంచే కారెక్కించుకుని, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టు ఆట చూడటానికి వెళ్లాను. ఇలా వెళ్లడం ఇది మూడోసారి. ఆటలాడే ఆడపిల్లలున్న తెలుగు కుటుంబాలు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. పిల్లలకు ఆట ఎక్కడ చూపించాలని వాళ్లలో ఎవరు అడిగినా ముందుగా ఈ చోటే చెబుతాను.

నేను విజయవాడలో బడి జట్టుకు, ఆ తరువాత కాలేజీ జట్టుకు పాయింట్ గార్డ్‌గా ఆడాను. సిమెంటు కోర్టు, వల లేని రింగు. బంతిని ముందుకు తెచ్చి, ఎవరికి ఎప్పుడు అందించాలో తేల్చుకోవలసిన స్థానం అది. అందుకే కొలంబియాకు వెళ్లినప్పుడు నా చూపు బంతి మీద కన్నా కోచ్ మీదే ఎక్కువ ఉంటుంది. ఆ కోచ్ డాన్ స్టేలీ. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. తన ఆటగాళ్ల మధ్య నిలబడితే దాదాపు కనిపించరు. "అమ్మా, ఈవిడ ఒలింపిక్స్‌లో ఆడారా?" అని మా అమ్మాయి మొదటిసారి నమ్మలేనట్టు అడిగింది. ఆడడమే కాదు, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, 2004 ఏథెన్స్, మూడింటిలోనూ స్వర్ణం గెలిచారు. ఏథెన్స్‌లో జట్టు సారథి ఆవిడే. ప్రారంభోత్సవంలో అమెరికా జెండా పట్టుకుని ముందు నడిచిందీ ఆవిడే.

ముందు టికెట్ల సంగతి. తొలిసారి నేను టికెట్లను తిరిగి అమ్మే ఒక వెబ్‌సైట్‌లో కొన్నాను. బొమ్మలో కోర్టు మధ్య అని చూపించి, రింగు వెనక మూల సీట్లు అంటగట్టారు. డబ్బు కట్టే ఆఖరి క్షణంలో రుసుములు కూడా కలిపారు. ఫిర్యాదు చేస్తే జవాబు లేదు. ఇప్పుడు నేరుగా విశ్వవిద్యాలయం టికెట్ విభాగం దగ్గరే కొంటున్నాను. కొలోనియల్ లైఫ్ అరీనాలో దాదాపు 18,000 మంది పడతారు. మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో దేశంలోకెల్లా ఎక్కువ మంది ప్రేక్షకులు ఏళ్ల తరబడి వస్తున్నది ఇక్కడికే, కాబట్టి చివరి రోజు వరకు ఆగకండి. చేతిసంచుల నియమాలు ముందే చదువుకోండి. శాకాహారులైతే ఇంట్లో తిని బయలుదేరండి.

జట్టు పేరు గేమ్‌కాక్స్, అంటే పందెం కోళ్లు. సంక్రాంతికి భీమవరం వైపు వెళ్లినవాళ్లకు ఈ పేరు విడమరచి చెప్పనవసరం లేదు. స్పీకర్లలో కోడి కూత మోగితే ఎరుపు, నలుపు చొక్కాల జనమంతా ఒక్కసారి లేస్తారు. జంటలుగా వచ్చిన ముసలివాళ్లు, మనవరాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్న తాతలు, పదేళ్లుగా అదే సీటులో కూర్చుంటున్నామని గర్వంగా చెప్పే అమ్మమ్మలు కనిపిస్తారు. మా పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మా అమ్మాయికి ప్రతి ఫౌల్ ఎందుకు పడిందో ఓపికగా చెప్పారు.

2008లో స్టేలీ ఇక్కడికి వచ్చినప్పుడు ఇంత జనం లేరు. మొదటి సీజన్‌లో గెలిచినవి 10, ఓడినవి 18. అప్పటికే ఆవిడకు ఎనిమిదేళ్ల కోచింగ్ అనుభవం ఉంది. 2000లో, ఇంకా ఆటగత్తెగా ఉండగానే, సొంత ఊరు ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయం జట్టును చేతిలోకి తీసుకున్నారు. వేసవిలో మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో మా ఊరి జట్టు షార్లెట్ స్టింగ్ తరఫున ఆడేవారు, చలికాలంలో కోచ్. 2001లో ఆ స్టింగ్ జట్టు తొలి పదకొండు ఆటల్లో పది ఓడిపోయి కూడా డబ్ల్యూఎన్‌బీఏ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ జట్టు ఇప్పుడు లేదు. మా ఊళ్లో ఆ రోజులు చూసినవాళ్లను చూస్తే నాకు అసూయగా ఉంటుంది.

ఇక ఆట. సీటు, కోచ్, మిగతా ఆటగాళ్లు కూర్చునే బెంచికి ఎదురు వైపు, కోర్టు మధ్యకు దగ్గరగా, కాస్త ఎత్తులో ఉంటే మంచిది. అక్కడి నుంచి చూస్తే ఒక పాయింట్ గార్డ్ కోర్టు బయట నిలబడి ఆటను ఎలా నడిపిస్తారో తెలుస్తుంది. స్టేలీ ఐదుగురినే నమ్ముకునే కోచ్ కాదు. తొమ్మిది, పది మందిని మార్చి మార్చి దించుతారు. మూడో క్వార్టర్‌కు అవతలి జట్టు కాళ్లు బరువెక్కుతాయి, వీళ్లవి ఎక్కవు. ఆ గురువారం మొదటి క్వార్టర్‌లో ఒక అమ్మాయి పాస్ చేతులారా వదిలేసి, వెంటనే బయటికి వచ్చింది. నేనైతే ఆ పూటకు ఆమె ఆట ముగిసిందనుకున్నాను. రెండు నిమిషాలు తిరగకుండానే మళ్లీ లోపలికి పంపారు. మా కాలేజీ రోజుల్లో ఒక్క తప్పుకు మిగిలిన ఆటంతా బెంచి మీద గడిపిన నాకు ఆ రెండు నిమిషాలు గొంతులో అడ్డుపడ్డాయి.

ఆటగత్తెగా స్టేలీకి దక్కనిది కాలేజీ జట్ల జాతీయ టైటిల్. వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 1990, 1991, 1992, వరుసగా మూడేళ్లు ఆఖరి నాలుగు జట్ల దాకా వెళ్లారు. 1991 ఫైనల్‌లో టెన్నెసీ చేతిలో అదనపు సమయంలో 70-67తో ఓడారు. ఓడిన జట్టులో ఉండి కూడా టోర్నీ అత్యుత్తమ క్రీడాకారిణి ఆవిడే. ఆ టైటిల్ 2017లో కోచ్‌గా వచ్చింది, ఆ తరువాత 2022లో, మళ్లీ 2024లో. మూడోసారి 38 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టుకూ కోచ్ ఆవిడే. ఆ జట్టులోని సూ బర్డ్, డయానా టరాసి ఏథెన్స్‌లో తొలి ఒలింపిక్స్ ఆడినప్పుడు వాళ్ల సారథి స్టేలీ. పదిహేడేళ్ల తరువాత వాళ్ల ఐదో స్వర్ణానికి కోచ్ కూడా స్టేలీయే. నాకు ఈ ఒక్క వివరం మిగతా పతకాలన్నిటికన్నా ఇష్టం.

ఆటకు గంట ముందే చేరుకోండి, విగ్రహాలు చూడటానికి. అరీనా ముందు ఆజా విల్సన్ విగ్రహం ఉంది. ఆమె ఈ ప్రాంతపు పిల్ల, స్టేలీ దగ్గర ఆడి 2017లో గెలిచింది. నల్లజాతివారికి ప్రవేశం లేని రోజుల్లో ఆమె అమ్మమ్మ ఈ ప్రాంగణంలో అడుగుపెట్టే వీలు లేక చుట్టూ తిరిగి వెళ్లేవారట. విశ్వవిద్యాలయం వాళ్లకు తలుపు తెరిచింది 1963లో. అక్కడికి దగ్గరలోనే, 2025 ఏప్రిల్‌లో ఆవిష్కరించిన స్టేలీ విగ్రహం. నిచ్చెనెక్కి, కోసిన వల చేతిలో పట్టుకుని ఉంటారు. గెలిచిన జట్టు రింగుకున్న వల కోసి తీసుకోవడం అక్కడి ఆచారం.

ఆ వల వెనక ఒక కథ ఉంది, మా అమ్మాయికి అక్కడే నిలబెట్టి చెప్పాను. కాలేజీ టైటిల్ గెలిచిన తొలి నల్లజాతి మహిళా కోచ్ కెరొలిన్ పెక్, 1999లో పర్డ్యూ విశ్వవిద్యాలయం జట్టుతో. 2015లో ఆవిడ తన వల ముక్క ఒకటి స్టేలీకి ఇచ్చి, నువ్వూ గెలిచాక తిరిగి ఇవ్వమన్నారు. 2017లో గెలిచాక స్టేలీ ఆ ముక్క తిరిగి ఇచ్చేశారు. ఆ తరువాత తన వలను ముక్కలు చేసి, దేశంలోని నల్లజాతి మహిళా కోచ్‌లకు పంపారు. స్టేలీ తల్లి ఎస్టెల్ పుట్టింది ఈ సౌత్ కరోలినాలోనే, చిన్నతనంలో ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయారు. కూతురు తిరిగి వచ్చి అమ్మ పుట్టిన రాష్ట్రంలో నిచ్చెనెక్కింది. ఇది చెబుతున్నప్పుడు నా గొంతు వణికింది. మా అమ్మాయి ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో పార్కింగ్ నుంచి బయటపడటానికి నలభై నిమిషాలు పట్టింది. మర్నాడు బడి ఉంటే కాస్త దూరంలో ఆపుకుని నడవడం మేలు. ఇల్లు చేరేసరికి పదకొండున్నర.

ఫిబ్రవరి చివరి ఆటకు మూడు సీట్లు తీసుకున్నాం. అమ్మ విజయవాడ నుంచి వస్తోంది. నేను ఆడిన రోజుల్లో ఇంటి పనులు వదిలిపెట్టి ఒక్క మ్యాచ్‌కూ రాలేకపోయింది. మెట్లు ఎక్కలేదు కాబట్టి ఈసారి కింది అంతస్తులో, వరస చివర, బెంచి కనిపించే వైపు.