అండం తయారీ, వీర్యకణం తయారీ: తేడా ఎక్కడంటే

రెండూ మియోసిస్‌తోనే తయారవుతాయి, అంటే రెండు విడతలుగా జరిగే కణ విభజనలో 46 క్రోమోజోములు 23 అవుతాయి, పోలిక అంతవరకే. మగవాళ్లలో ఇది యుక్తవయసులో మొదలై ముసలితనం దాకా నడుస్తూనే ఉంటుంది, మొత్తం ప్రాసెస్‌కి రెండు నెలల పైనే పడుతుంది, ఒక్కో కణం నుంచి 4 వీర్యకణాలొస్తాయి. ఆడవాళ్లలో అయితే, నాకు ఇదే అసలు అద్భుతం అనిపిస్తుంది, పాప ఇంకా అమ్మ కడుపులో ఉండగానే విభజన మొదలై మధ్యలో ఆగిపోతుంది, పుట్టేసరికి అండాలయ్యే కణాలు 10 నుంచి 20 లక్షలుంటాయి, పెద్దమనిషి అయ్యేనాటికి 3, 4 లక్షలే మిగులుతాయి, చివరికి విడుదలయ్యేవి ఓ 400. అంటే 40 ఏళ్లప్పుడు వచ్చే అండం అన్నేళ్లూ ఆగి ఉన్నదే, వయసుతో క్రోమోజోముల పొరపాట్లు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. పైగా విభజన సమానంగా జరగదు, సైటోప్లాజం (కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం) దాదాపు అంతా ఒక్క అండానికే, మిగతావి పోలార్ బాడీలనే చిన్న కణాలై నశిస్తాయి. రెండో విభజనైతే వీర్యకణం లోపలికొస్తేనే పూర్తవుతుంది.