గడప దాకా వచ్చే సేవలు, మంచం దాకా రావలసిన సేవలు: ఒక సమీక్ష

మా అమ్మకు ఎనభై దాటి చాలాకాలమైంది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి మంచం మీదే ఉంటోంది. ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెప్పి విరమించిన నాకు కూడా అరవై ఐదు నిండాయి. మాది ఆంధ్రప్రదేశ్‌లో, గోదావరి పశ్చిమ డెల్టాలో ఒక మునిసిపల్ పట్టణం. వార్డు సచివాలయం (వార్డు స్థాయి ప్రభుత్వ కార్యాలయం) ద్వారా ఇంటికి అందుతున్న సేవలను కొన్నేళ్లుగా వాడుకుంటున్నాం కనుక, ఇంట్లో పెద్దవాళ్లున్న తోటివారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గడప దాకా తెచ్చి ఇవ్వవలసినది ఏదైనా చక్కగా వస్తోంది. గడప దాటి లోపలికి వచ్చి చేయవలసిన పని మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోయింది.

పింఛను పంపిణీకి వంక పెట్టలేను. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీర్లు, 2024 జులై నుంచి సచివాలయ సిబ్బంది ఒకటో తారీఖున ఇంటికే వచ్చి ఇస్తున్నారు, ఒకటో తారీఖు సెలవైతే ముందురోజే వస్తారు. వృద్ధాప్య పింఛను మూడు వేల నుంచి నాలుగు వేలకు పెరిగిన 2024 జులైలో మూడు నెలల బకాయి కలిపి ఏడు వేలు అమ్మ చేతిలో పెట్టినప్పుడు, ఆవిడ ఆ నోట్లను తలగడ కింద పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఎవరికీ ఇవ్వలేదు. తన డబ్బు తన మంచం దగ్గరికే రావడంలో ఒక గౌరవం ఉంది, దానిని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

చిక్కల్లా వేలిముద్రతోనే. నరసాపురం చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్లలాగే అమ్మ కూడా వయసులో ఉన్నంతకాలం లేసు అల్లింది. బొటనవేలి మీద గీతలు ఏనాడో అరిగిపోయాయి. తడిగుడ్డతో తుడిచినా, ఆరనిచ్చి మళ్లీ పెట్టినా యంత్రం ఒప్పుకోదు. అప్పుడు గుర్తింపు కోసం ఫోనుకు ముఖం చూపించాలి. కిటికీ వైపు తిప్పి, వీపు వెనుక దిండు పెట్టి కూర్చోబెడితే వెలుగుకి ఆవిడ కళ్లు మూసుకుంటుంది. "మామ్మగారూ, ఒక్కసారి ఇటు చూడండి" అని పింఛను తెచ్చే సచివాలయం అబ్బాయి ఫోను పట్టుకుని ఓపికగా నిలబడతాడు. ఇంకా పది ఇళ్లకు పైగా తిరగాల్సిన మనిషి ఒక్కనాడూ విసుక్కోలేదని చెప్పడం న్యాయం.

రేషన్ విషయంలో పెద్దగా చెప్పడానికి లేదు. వీధుల్లోకి వచ్చే బండ్లు 2025 జూన్ నుంచి ఆగిపోయినా, అరవై ఐదు దాటినవారికి, దివ్యాంగులకు సరుకు ఇంటికి చేర్చాలన్న నియమం ఉండడంతో డీలరు మనిషి మాకు బియ్యం తెచ్చి ఇస్తున్నాడు.

వైద్యం దగ్గరే నా మాట మారుతుంది. పల్లెల్లో 104 సంచార వైద్య వాహనంతో వచ్చే ఫ్యామిలీ డాక్టరు మంచం పట్టినవారిని ఇంటికి వెళ్లి చూడాలన్నది 2023 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా మొదలైన ఆ పథకంలో భాగమే. కోనసీమలో ఒక లంక గ్రామంలో ఉంటున్న మా మేనత్తగారిని డాక్టరు అలా ఇంటికి వచ్చి చూసిన సందర్భాలున్నాయి. మా పట్టణంలో మాత్రం పట్టణ ఆరోగ్య కేంద్రానికి మనమే వెళ్లాలి. నడవలేని మనిషిని నలుగురు పట్టుకుని ఆటో ఎక్కించి, దించి, బల్ల మీద కూర్చోబెట్టి తీసుకురావడం కన్నా, తెలిసిన ఆర్‌ఎంపీని పిలవడమే సుఖమని మా వీధిలో అందరూ ఆ దారిలోనే పోతున్నారు. పల్లెకు ఉన్న సౌకర్యం పట్టణానికి లేకపోవడం ఈ ఒక్క విషయంలోనే చూస్తున్నాను.

ఏఎన్‌ఎం (సచివాలయం ఆరోగ్య కార్యకర్త) అమ్మాయి బీపీ, షుగరు చూడడానికి, సర్వే వివరాలు ఫోనులో ఎక్కించుకోవడానికి వస్తుంది. ఒకసారి బీపీ చూసి లేవబోతూ, దుప్పటి పక్కకు జరిగినప్పుడు నడుము కింద ఎర్రబడిన చోటు గమనించింది. వేలితో నొక్కి చూసి, ఎరుపు చెదరడం లేదు, ఇది పుండు పడే ముందు లక్షణం అంది. పాత దుప్పటిని నాలుగు మడతలు వేసి అమ్మ నడుము కిందకు అడ్డంగా దూర్చి, ఆ అంచు పట్టుకుని ఒంటిని ఈడ్వకుండా పక్కకు ఎలా తిప్పాలో నా చేత చేయించింది. రెండు గంటలకోసారి తిప్పమంది, మోకాళ్ల మధ్య దిండు పెట్టమంది, పౌడరు అద్దడం మానేయమంది. ఆ పుండు పడలేదు. ఇన్నేళ్లలో ప్రభుత్వం తరఫున మాకు అందిన అత్యుత్తమ సేవ అదే. అయితే ఆ అమ్మాయి ఫోనులో నింపవలసిన గడుల్లో ఆ పనికి గడి లేదు. బీపీ అంకె వేసుకుని వెళ్లిపోయి ఉంటే కూడా ఆమె లెక్కలో మా ఇల్లు పూర్తయినట్టే.

పూర్తిగా మంచానికే పరిమితమైన పక్షవాత రోగులు మొదలైనవారికి నెలకు పదిహేను వేల పింఛను ఉందని చాలామందికి తెలుసు. అందుకు సదరం (వైకల్య నిర్ధారణ) ధ్రువపత్రం కావాలి. స్లాట్ దొరికాక మనిషిని ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మేము అంబులెన్సు మాట్లాడుకుని వెళ్లిన రోజున సంబంధిత డాక్టరు సెలవులో ఉన్నారని అక్కడికి చేరాకే తెలిసింది. కదలలేరని రాసి ఇవ్వడానికి కదలలేని మనిషిని కదిలించడం ఏమిటని ఆ కిటికీ దగ్గర అడిగాను. జవాబు రాలేదు. మళ్లీ ప్రయత్నించే ఓపిక అమ్మకు లేదు, నాకూ లేదు. 2025లో అప్పటికే ఆ పింఛను పొందుతున్నవారిని తనిఖీ చేయడానికి వైద్య బృందాలు ఇళ్లకే వెళ్లాయి. తీసేయడానికి ఇంటికి వెళ్లగలిగినవారు ఇవ్వడానికి కూడా వెళ్లవచ్చు కదా.

ఇక రోజువారీ పనుల సంగతి. ఒళ్లు తుడవడం, బట్ట మార్చడం, గోళ్లు తీయడం, జావ తాగించడం, మందులు వేళకు వేయడం, ఊసుపోకకు నాలుగు మాటలు మాట్లాడడం. వర్షాకాలంలో ఉతికిన దుప్పట్లు మూడు రోజులైనా ఆరని ఈ ప్రాంతంలో మంచంలో ఉన్న మనిషిని పొడిగా ఉంచడమే ఒక పూట పని. దీనికి ఎవరూ రారు. పగటిపూట ఆయాను పెట్టుకుందామంటే అమ్మ పింఛను రెండు నెలలది కలిపినా ఒక నెల జీతానికి చాలదు. తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యత అని 2007 నాటి చట్టం చెబుతుంది. మంచిదే. కాని ఆ బిడ్డ వయసు ఎంతో, నడుము ఎలా ఉందో చట్టం అడగదు.

అయినా ఈ సేవలపై సంతృప్తి ఎంత అని ఎవరు లెక్క తీసినా బాగానే వస్తుంది. పింఛను ఇంటికి వచ్చి ఇచ్చారా, మర్యాదగా మాట్లాడారా, డబ్బులేమైనా అడిగారా అని ఫోను వస్తుంది. మూడింటికీ మంచి జవాబే నొక్కుతాం, అది నిజం కూడా. మా వీధి చివర ఒంటరిగా ఉంటున్న పెద్దాయన (పిల్లలు హైదరాబాదులో) ఎవరు అడిగినా "బాగానే ఉందండి" అంటారు. ఆ మాటలో సగం మొహమాటం, మిగతా సగం ఏదైనా అంటే పింఛను ఆగుతుందేమోనన్న భయం. రెండు రోజులు జ్వరంతో పడి ఉండి, పాలబ్బాయి తలుపు కొడితే గాని బయటపడని మనిషి ఆయన. నీకు ఏం కావాలి అని అడిగితే వచ్చే జవాబు వేరు, మేము ఇచ్చింది అందిందా అని అడిగితే వచ్చే జవాబు వేరు. పురపాలక సంఘాలే ఇళ్లకు సహాయకులను పంపే స్వీడన్‌లో సైతం వృద్ధులు సిబ్బంది ప్రవర్తనను మెచ్చుకుంటూనే, ఒంటరితనం మాత్రం తీరడం లేదని ఏటేటా చెబుతున్నారు. అంత దూరం ఎందుకు, 2008లోనే పాలియేటివ్ సంరక్షణకు (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవకు) ఒక విధానం ప్రకటించిన కేరళలో పంచాయతీలు, మునిసిపాలిటీలు నర్సును ఇళ్లకు పంపి పుండ్లు కడిగించడం, మూత్రపు గొట్టాలు మార్పించడం చేస్తున్నాయి. మన వార్డు సచివాలయంలో ఏఎన్‌ఎం ఉంది, ఆశా కార్యకర్త ఉంది, ప్రతి ఇంటి చిట్టా ఉంది. వారానికోసారి మంచం దగ్గర అరగంట కూర్చోవడం వారి పనిగా రాసి, అందుకు తగ్గట్టు సర్వేల బరువు తగ్గిస్తే చాలావరకు జరిగిపోతుంది.

కొత్తగా ఈ స్థితిలో పడినవారికి ఒకటి రెండు మాటలు. ఏఎన్‌ఎం వచ్చినప్పుడు బీపీతో సరిపెట్టుకోకుండా వీపు, మడమలు చూడమని మీరే అడగండి, అడిగితే చూస్తారు. ముఖ గుర్తింపు కోసం మనిషిని కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చోబెట్టండి. ఊరు వెళ్లి ఒక నెల పింఛను తీసుకోలేకపోతే కంగారుపడవద్దు, తరువాతి నెలలో కలిపి ఇస్తున్నారు. వృద్ధుల జాతీయ సహాయవాణి 14567కు ఫోను చేస్తే చట్టం, ఆశ్రమాలు, వేధింపుల విషయంలో దారి చూపిస్తారు. ఇంటికి మనిషిని పంపడం మాత్రం వారి పని కాదు, ఆ ఆశతో చేయకండి.